గడ్డి కప్పేవాడి ఇంటిపేరు

మా ఇంటిపేరుకు అర్థం ఏమిటని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా అడుగుతున్నాను. ఇంతవరకూ ఒక్కరూ జవాబివ్వలేదు. ఎవరైనా గృహప్రవేశం ఫొటో పెడితే చాలు, వరసగా నమస్కారాలు, పూలగుత్తులు. నా ప్రశ్న కింద ఏమీ ఉండదు. పెద్దనాన్నగారి అబ్బాయి ఒక్కడే ఫోన్ చేశాడు, అదీ వెక్కిరించడానికి. "అర్థం తెలిస్తే నీకు ప్రమోషన్ ఇస్తారేంట్రా?" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఈ పట్టుదల నాలో పుట్టించింది, ఈ పరాయి దేశంలో మేముంటున్న క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటి పెద్దాయన. రిటైరైన లెక్కల మాస్టారు, ఇంగ్లీషు వంశం. ఆయన పేరు ఇక్కడ రాయను, రాయమని ఆయన నాకు చెప్పలేదు. ఒక ఆదివారం కంచె దగ్గర మాట్లాడుకుంటుంటే, మేం వెళ్ళే డాక్టరుదీ ఆయనదీ ఒకే ఇంటిపేరని గుర్తొచ్చి, మీరిద్దరూ అన్నదమ్ముల పిల్లలా అని అడిగేశాను. మనవాళ్ళకు అదే కదా తోచేది. ఇంటిపేరు కలిస్తే దాయాదులే, ఇక పెళ్ళి సంబంధం కూడా చూడం.

ఆయన నవ్వకుండా ఓపికగా చెప్పాడు. ఆ ఇంటిపేరుకు పాత ఇంగ్లీషులో ఇళ్ళకు గడ్డి కప్పేవాడని అర్థమట. అలాంటి పనివాడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు కనుక, ఆ పేరున్నవాళ్ళంతా చుట్టాలు కానక్కర్లేదట. ఆయన సొంత పేరేమో గ్రీకు భాష నుంచి వచ్చిందట, నేల దున్నేవాడని అర్థం.

"నాకు రెండు పనులూ రావు," అన్నాడు. "ఆ గులాబీలు కూడా మా ఆవిడ పెంచినవే."

ఎప్పటి పూర్వీకుడో ఎండలో నిచ్చెనెక్కి చేసిన పనిని ఇన్ని తరాలు పేరుగా మోసుకొచ్చి, అడిగినవాడికి అంత మామూలుగా విప్పి చెప్పిన ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. కాస్త అసూయ కూడా కలిగింది. ఇక్కడి తెలుగువాళ్ళు నా ఇంటిపేరు ఎన్నోసార్లు అడిగారు, మాది ఏ కులమో తేల్చుకోవడానికి. దాని అర్థం అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఊరి పేరై ఉంటుందని గొణిగాను. ఆ ఊరు ఎక్కడుందని అడిగాడు. తెలియదన్నాను.

పక్కనే నిలబడి వింటున్న మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. "సో, అవర్స్ ఈజ్ జస్ట్ ఎ సౌండ్, నాన్నా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. వచ్చే ఏడు యూనివర్సిటీలో చేరేముందు తన పేరు చివరి నుంచి దాన్ని తీసేయించుకుంటానంటోంది. ఉంచుకోమనడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు.

బాబాయ్, మన వంశంలో ఇప్పుడు పెద్ద మీరే. గ్రూపులో నా ప్రశ్న మీరు చదివారని ఫోన్ చెబుతోంది. అది ఊరా, వృత్తా, ఎవరో పెట్టిన వెక్కిరింత పేరా? మనవాళ్ళు మట్టి మోశారన్నా నాకు చిన్నతనం కాదు. తెలియకపోతే తెలియదనే రాయండి. కానీ ఆ పిల్ల పేరు మార్చుకునే లోపు నాకు జవాబివ్వండి.