ఇత్తడి పిడికి గరుకెక్కించిన బావ

బావ పోయిండని మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను బహదూర్‌పురా చౌరస్తాల జామపండ్ల బండి కాడ లొల్లి పెట్టుకుంటున్న. పండు గట్టిగుంటె నా పండ్లకు పడదు, మెత్తగుంటె నోటికి రుచి ఉండదు. "మామా, బాపు పొద్దుగాల్నే పోయిండు" అన్నడు వాడు. "గింత పొద్దుగాల ఏడికి పోయిండురా?" అన్న నేను. ఎనభై దాటిన మనిషి గురించి అడిగే మాట కాదది. కానీ మా బావ ఉప్పు తేను పోయినా చెప్పి పోయే మనిషి. చెప్పకుండ పోయిండంటె నాకు పట్టలేదు.

జహనుమాల వాళ్ళింటికి చేరేసరికి బావను వాకిట్ల పండబెట్టిండ్రు. అక్క గోడకానుకొని కూసుంది. నన్ను చూసి ఏడ్వలేదు. "నిన్న మాపు గోళ్ళు తీస్కున్నడు తమ్మీ" అన్నది. "తీస్కొని, మళ్ల వాటికి ఆకురాయి పట్టిండు. పెండ్లికేమన్న పోతున్నవా అని నవ్విన." గప్పుడు ఏడ్సింది. నేను గూడ.

మీల ఆయన్ను ఎరిగినోళ్ళు తక్కువనే ఉంటరు. సర్కారు కంపెనీల టర్నర్. లేతు మిషన్ మీద ఇనుమును తిప్పుకుంట చెక్కి ఆకారం తీసుడు ఆయన పని. పొద్దంత ఇనుముతోని కొట్లాడొచ్చినోడు ఇంటికొచ్చి ఏం చేస్తడు? చాయ్ తాగి వాకిలి ముందటి చబుత్రా మీద కూసుంటడు. మా బావ ఇంటికొచ్చి మళ్ల ఇనుమే చెక్కేది. ముందటి వసారాల ఒక చిన్న లేతు పెట్టుకున్నడు. అది జుమేరాత్ బజార్ల తుక్కుల దొరికింది. తోపుడుబండి మీద ఏసుకొని ధూల్‌పేట్ గల్లీలల్ల నుంచి తోలుకొస్తుంటె, ఆడ వినాయకులను చేసేటోళ్ళు "ఇదేం దేవుడు భాయ్?" అని అడిగిండ్రంట. "ఇంకా కండ్లు తెరవలే" అన్నడంట బావ. మోటార్ పెట్టి, దాన్ని తిప్పే తోలు పట్టా ఎక్కించి, అది కండ్లు తెరిచేటాలకు ఏడాది పట్టింది. అది నడిచినప్పుడు ఇంట్ల బల్బు మసకబారేది. అదే వసారాల ఇంకో మూలకు మా అక్క కుట్టుమిషన్. ఆ మసకలనే అక్క సూదిల దారం ఎక్కించేది. నాకైతే పట్టపగలు ఎండల గూడ ఎక్కదు.

బావకు ఒక అలవాటు. అందరి జేబుల పెన్నుంటె ఆయన జేబుల చిన్న ఆకురాయి. ఇనుము కోసినంక దాని అంచు కత్తి లెక్కుంటది. ఆ పదును తీసి నున్నగ చేస్తరు. "అంచు సంపుడు" అనేది మా బావ దాన్ని. ఏ టర్నరైనా చేసేదే. మా బావ లోకం మొత్తానికి చేసేది. ఇంటికి కొత్త స్టీలు పళ్ళెం వస్తె అండ్ల అన్నం పడకముందె అంచంత తడిమి చూడాలె. టిఫిన్ డబ్బా మూతలు, తలుపు గొళ్ళాలు, పక్కింటోళ్ళ పిల్లల బొమ్మ లారీ, ఏదీ ఇడువలే. "కొలత తప్పితె ఇంకోటి చేస్తం. అంచు ఇడిసిపెడితె ఎవల చెయ్యో తెగుతది" అనేది.

నేను అప్పుడు సిటీ బస్సుల కండక్టర్ను. ఒకనాడు మా బస్సుల ఎక్కిండు. ముందటి సీటు రేకు చీలి, ఆడోళ్ళ చీరెలు పట్టుకొని గుంజుతుండె. బావ నిలబడే, బస్సు ఊగుతుంటె, ఆకురాయి తీసి గీకుడు మొదలుపెట్టిండు. ఆ కీసు చప్పుడుకు డ్రైవర్ బేజారై "ఏయ్, బస్సును కోస్కపోతున్నవా ఏంది?" అని మొత్తుకున్నడు. వెనుక సీటు నుంచి ఒక ముసలమ్మ "కోస్కపోనియ్ బిడ్డా, ఎట్లయినా నడుస్తలేదు" అన్నది. ఫలక్‌నుమా వచ్చేదాక బావ తల ఎత్తలే. దిగేటప్పుడు రేకు మీద అరచెయ్యి నిమిరి చూసుకొని దిగిండు.

ఇగ అసలు ముచ్చటకొస్త. పంతొమ్మిదొందల డెబ్బైలు సగం దాటినంక ఒకనాడు పంపు స్టవ్ భగ్గుమని అక్క కుడి అరచెయ్యి కాలింది. దవాఖానల మాన్పిండ్రు గని, కొత్త తోలు బిగుసుకొని గాజు లెక్క నున్నగ మెరిసేది. వేళ్ళు పూరా ముడుసుకునేటియి కావు. అక్కది చేతితో తిప్పే మిషన్. చక్రానికి చిన్న చెక్క పిడి ఉంటది, దాన్ని పట్టుకొని తిప్పాలె. ఏండ్ల సంది తిప్పి తిప్పి ఆ పిడి సబ్బు బిళ్ళ లెక్క అరిగింది. నున్నటి పిడి, నున్నటి చెయ్యి. రెండు తిప్పులు తిప్పంగనే జారిపోయేది. గుడ్డ చుట్టింది, చెమటకు జారింది. సైకిల్ ట్యూబు చుట్టింది, కొత్త తోలును గుంజి మంట పెట్టింది.

మా అక్కకు ఆ మిషన్ అంటె ఏందో చెప్పాలె. గల్లీల సగం మంది జాకెట్లు దాని మీదనే పుట్టినయ్. ఎవల నడుము పెరిగింది, ఎవల బిడ్డ ఈడుకొచ్చింది, అన్నీ టేపు పట్టంగనే అక్కకు ఎర్క. ఆ చెయ్యి కాలినంక ఆడోళ్ళు రావుడు తగ్గింది. ఇల్లు సప్పబడ్డది. ఒకనాడు నేను పోయినప్పుడు అక్క మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. "పక్క గల్లీ పద్మక్క అడిగింది. ఆదివారం వచ్చి తీస్కపొమ్మన్న" అన్నది, బియ్యం ఏరుకుంట. తల ఎత్తలే. బావ లేతు కాడ నుంచి "ఆదివారం దాక ఉన్నది గద. జర ఆగు" అన్నడు.

టార్చిలైటు ఒంటి మీద చిన్న చిన్న డైమండ్ గళ్ళు ఉంటయ్ చూడుండ్రి, చెయ్యి జారకుండ? దాన్నే నర్లింగ్ అంటరు. బావ మనసుల గసొంటి ఇత్తడి పిడి ఉండె. గట్టి కడ్డీ అయితె బరువు, అక్క చేతికి భారం. అందుకని పల్చని ఇత్తడి గొట్టం దొరకబట్టిండు. మామూలుగ నర్లింగ్ ఎట్ల చేస్తరంటె, చుట్టూ పండ్లున్న ఉక్కు బిళ్ళలను తిరిగే పని మీద బలం పెట్టి ఒత్తుతరు. పండ్లు దిగబడి గళ్ళు లేస్తయ్. బావ కాడ పాతయి ఉండె, ఒత్తిండు. చిన్న లేతు గజగజ వణికింది, గొట్టం అణిగి చప్పిడై కూసుంది. లోపట కర్ర దిగ్గొట్టి ఒత్తిండు. కర్రతో సహ చప్పిడైంది.

"కంపెనీల పెద్ద మిషన్ ఉంది గద, ఆడ చేస్కరారాదు?" అన్న.

"కంపెనీ కరెంటు కంపెనీ పనికే బామ్మర్ది. నీ బస్సు మీ అక్క ఎక్కితె నువ్వు టికెట్ కొట్టవా?"

"కొడత."

"మరింకేంది?"

కంపెనీల ఒక పాత ఫారిన్ మిషన్ మీద ఆయన ఎప్పుడో ఏటవాలుగ వొంగిన బిళ్ళలను చూసిండట. అవి ఒత్తేటియి కావు, కోసేటియి. నాకు సమజ్ కాలేదంటె వంటింట్ల నుంచి కీరా, గూట్ల నుంచి దువ్వెన తెచ్చిండు. దువ్వెనను ఒకసారి ఎడమకు వొంచి కీరా మీద గీసిండు, ఒకసారి కుడికి వొంచి గీసిండు. గీతల మీద గీతలు పడి డైమండ్లు లేసినయ్. "చూసినవా? ఒత్తుడు లేదు. బిళ్ళ వొంగినప్పుడు దాని ఒక్క అంచే తగుల్తది. గొట్టం కొస కాడ పట్టిచ్చి మెల్లగ జరిపితె కోసుకుంట పోతది. పల్చటిదైనా ఒంగదు." అక్క లోపటి నుంచి "ఆ దువ్వెన కడిగిచ్చినవా, ఇప్పుడు కీరా తినమంటవా?" అన్నది. కీరా నేనే తిన్న. కొబ్బరినూనె వాసన.

ఆ వారమంత డ్యూటీ నుంచి రాంగనే బావకు అదే పని. గట్టి ఉక్కు కడ్డీల నుంచి రెండు బిళ్ళలు కోసిండు. లేతు ఆపి, బిళ్ళను ఒక్కో పన్ను మందం జరిపి బిగించి, ఉలిని చేతితో ముందుకు తోసుకుంట ఒక్కో గాడి గీకిండు. బిళ్ళలు కూసోనీకి చిన్న ఇనుప దిమ్మెకు రెండు ఏటవాలు చీలికలు పెట్టిండు, ఒకటి ఇటు, ఒకటి అటు. బిళ్ళలు గట్టిపడనీకి కుంపట్ల ఎర్రగ కాల్చి అక్క పల్లినూనెల ముంచిండు. ఆ మాపు కూర ఇనుప వాసన కొట్టిందని అక్క ఇంకో లొల్లి.

శనివారం నేను చూస్తుండంగనే గొట్టం బిగించిండు. బిళ్ళలు ఆనిచ్చిండు. కోయలే. కీచుమని రుద్దుకుంట పైపైన పోయినయ్. జర ఎక్కువ ఆనిచ్చిండు. గొట్టం అప్పడం లెక్క అణిగింది. మోటార్ బంద్ చేసిండు. బల్బు తెల్లగ వెలిగింది.

అక్క లేసి వచ్చి, ఒక బిళ్ళ తీసి, ఎడమ చేతి బొటనవేలితోని అంచు తడిమింది.

"ఇది ఎవలు నున్నగ చేసిండ్రు?"

"నేనే. అంచు సంపిన."

"ఎందుకు?"

"ఎందుకేంది? పని అయినంక సంపాలె గద."

"ఏమయ్యా, నా కత్తెరకు గూడ గట్లనే సంపి ఇగ గుడ్డ కొయ్యమంటవా?"

బావ ఆమె చేతుల నుంచి బిళ్ళ తీస్కున్నడు. వేలు పెట్టి చూసుకున్నడు. ఏ అంచు కొయ్యాల్నో, కుంపట్ల పెట్టకముందె ఆ అంచుకే ఆకురాయి పట్టి పదును తీసిండు. ఎప్పుడు తీసిండో ఆయనకే యాది లేదు. చెయ్యి దానంతల అదే చేసింది. ముందు మొకం ఎర్రగైంది, మెల్లగ నవ్వొచ్చింది. ఇగ ఆగలే, లేతు మీద తల ఆనిచ్చి నవ్విండు. అక్క నవ్వలే. "రేపు ఆదివారం" అన్నది.

కాల్చినంక ఉక్కుకు ఆకురాయి ఎక్కదు, సానరాయే కావాలె. ఆదివారం పొద్దుగాల సైకిల్ సానాయన "చాకూ, కైంచీ తేజ్" అని గల్లీలకు రాంగనే బావ ఉరికిండు. సానాయన బిళ్ళలను అటు ఇటు తిప్పి చూసి "యే కౌన్సా చాకూ హై భాయ్?" అని, ఇదేం కత్తో అడిగిండు. "గోల్ చాకూ, మియా. బాజూ సే ఘిసో, ధార్ నికాలో" అన్నడు బావ, గుండ్రటి కత్తి, పక్క నుంచి రుద్ది పదును తియ్యమని. పుట్టి బుద్ధెరిగిన సంది పదునును సంపిన మనిషి, నడి గల్లీల నిలబడి పదును పెట్టిచ్చుకుంటుండు. బిళ్ళ పక్కవాటు రాయికి ఆనిచ్చి, నీళ్ళల్ల ముంచుకుంట, అంచు మళ్ల లేసేదాక రుద్దిచ్చిండు. నేను నీళ్ళ చెంబు పట్టుకున్న.

అప్పటికే పద్మక్క రిక్షా తీస్కొని వచ్చింది. అక్క చాయ్ ఇచ్చి చబుత్రా మీద కూసోబెట్టింది. లోపట బావ కొత్త గొట్టం బిగించిండు. ఈసారి కీచుమనలే. సర్‌సర్‌మని సన్నటి చప్పుడు. బిళ్ళల కింద నుంచి ఇత్తడి పొడి పసుపు జల్లినట్టు రాలింది. బిళ్ళలు జరిగిన కొద్ది వాటి ఎనుక డైమండ్లు ఒక్కొక్క వరుస లేసుకుంట వచ్చినయ్. లేతు వణకలే. గొట్టం గుండ్రంగనే ఉంది.

పిడి అక్క చేతికిచ్చిండు. పట్టుకొని "అబ్బా! కొబ్బరి కోరే పీట లెక్కుంది" అని ఇడిసిపెట్టింది. బావ మొకం చూసి, జర మెత్తగ, "ఇగ ఇప్పుడు సంపు" అన్నది. మళ్ల లేతుకు బిగించి, ఉప్పుకాగితం ఒక్కసారి తాకిచ్చి తీసిండు. ఆ కొసల పదును మాత్రమె పోయింది, గరుకు ఉన్నది. "అంచు సంపుడు ఎవలకైన వస్తది బామ్మర్ది. యాడ సంపొద్దో మీ అక్క చెప్పాలె" అన్నడు. దాని తర్వాత బతికినన్ని ఏండ్లు, జేబుల నుంచి ఆకురాయి తీస్తె అక్క దిక్కు చూసి "సంపాల్నా?" అని అడిగేది. అక్క ఊ అంటేనే గీకేది. నవ్వులాటకు మొదలైంది, అలవాటై నిలిసింది.

పిడిని మిషన్ చక్రానికి ఎక్కిచ్చినంక అక్క దుప్పటి తీసి మడత పెట్టింది. ఒక చిరుగు గుడ్డ సూది కింద పెట్టి తిప్పింది. జారలే. ఇంకింత తిప్పింది. చబుత్రా మీద పద్మక్క గ్లాసు కింద పెట్టి లోపటికి తొంగి చూసి "వదినా, రిక్షాయన తొందర పెడుతుండు, మిషన్ ఎక్కిద్దమా?" అన్నది.

"మిషన్ ఏడికీ రాదు గని, లోపటికి రా" అన్నది అక్క, టేపు మెడల ఏసుకుంట. "నీ జాకెట్టు కొలతలు తీస్త. మస్తు లావైనవ్."

ఆ పద్మక్క వారం రోజులు మాట్లాడలేదు. జాకెట్టు మాత్రం అక్కతోనే కుట్టిచ్చుకుంది.

ఆ దినమంత అక్క మిషన్ దిగలే. మాపటికి, పొద్దు వాలి ఎండ వసారాలకు ఏటవాలుగ వస్తుంటె, చెయ్యి ఆపి అరచెయ్యి తెరిచి చూసుకుంది. కాలిన తోలు నిండ డైమండ్ గళ్ళు అచ్చు పడి ఉన్నయ్. "గిటు చూడు" అన్నది బావను. బావ వచ్చి పక్కన కూసున్నడు. ఆమె చెయ్యి పట్టుకొని, లేతు మీది నుంచి తీసిన పనిని చూసినట్టు, ఎండ దిక్కు జర వంచి చూసిండు. ఒక్క గడి తప్పలే. ఆ గళ్ళు మెల్లమెల్లగ లోపటి నుంచి నిండి, ఒక్కొక్క వరుస మాసిపోతుంటె, ఆఖరుది పోయేదాక ఆ చెయ్యి అట్లనే ఎండల పట్టుకొని కూసున్నడు.