సూర్యుడి చుక్కలు చెరిపిన రోజు

"అవ్వా, గీ కాగితాల మీది చుక్కలేవి?"

"చెరిపిన బిడ్డా. గుండ్రాలు గట్లనే ఉంచిన, ఫికర్ చెయ్యకు."

"తొమ్మిది రోజులు గీసిన! ఎందుకు చెరిపినవ్?"

"ఒక్కో కాగితానికి ఒక గుండ్రం, నాలుగు చుక్కలా? మీ నాయినకు కాగితాల కార్ఖానా ఉందా?"

మా రోజుల్లో కాగితమెక్కడిది? నేను చదివిన మూడు తరగతులకూ ఒకటే పలక. ఎంత అందంగా రాసినా తుడవాల్సిందే. నున్నగా తుడిచిన పిల్లను పంతులు మెచ్చుకునేవాడు. (నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విద్యకే.) అదే విద్యను ఇంత వయసొచ్చాక, కొత్తకోటలో మనుమరాలి కాగితాల మీద చూపించాను. అదీ కొత్త రబ్బరు అరిగిపోతుందని, పాత ముక్కతో గంటసేపు కూర్చుని మరీ!

అవి సూర్యుడి మీది చుక్కలట. బడి నుంచి తెచ్చిన చిన్న దుర్భిణిని స్టూలు మీద నిలబెట్టి, అందులోంచి ఎండను కాగితం మీద పడేలా చేసి, రోజూ పొద్దున్నే గీసిందట. మర్నాడే బడిలో ప్రదర్శన.

"సూర్యునికి మచ్చలేంది? అద్దానికి దుమ్ము పట్టింది, తుడువ్" అన్నాను.

"దుమ్మయితే ఒక్కకాడనే ఉంటది గదా! గివి రోజింత జరుగుతున్నయ్. సూర్యుని లోపలి అయస్కాంత బలం పైకి పొడుచుకొచ్చిన కాడ వేడి కిందనే ఆగుతది. గందుకే నల్లగ కనబడతది. చిన్న చుక్కయితే పూటకే మాయం."

"పోతే మళ్లొస్తది తియ్."

"గదే చుక్క మళ్ల రాదవ్వా."

తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంత ముసలిదాన్ని, పన్నెండేళ్ల పిల్లతో అనాలా అని మింగేసి, "కాగితాలైతే మిగిలినయ్ గదా" అన్నాను. (చెరిపినందుకు కన్నా ఆ మాటకే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.) ఆ పిల్ల ఖాళీ గుండ్రాలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి, చుక్కల జాడ వెతికింది. నేను నున్నగా తుడిచాను కదా, ఒక్కటీ దొరకలేదు.

మర్నాడు పొద్దున వాకిట్లో దుర్భిణి ఎదుట, కాగితం పెట్టిన అట్ట నేనే పట్టుకున్నాను. కాగితం మీద వెలుగు గుండ్రంగా పడింది. ఒక వారగా ఆవగింజల్లాంటి మూడు చుక్కలు. కొంగుతో అద్దం తుడిచి చూశాను. అవి అక్కడే ఉన్నాయి.

"తప్పయింది బిడ్డా" అన్నాను.

"అట్ట కదపకవ్వా" అంది.

కదపలేదు. మూడు చుక్కలూ పెట్టి, పక్కన వేళ రాసుకుని, ఆ ఒక్క కాగితమే పట్టుకుని బడికి పోయింది.