ఎర్ర గూటం పాతిన చోట నీళ్లు

పెద్దారవీడు నుంచి నల్లమల అంచు దాకా మాలకొండయ్య నీళ్లు చూడని పల్లె లేదు. పరగడుపున, పొద్దు పొడవక ముందే, చెప్పులు విడిచి, కొమ్మ రెండుగా చీలిన వేపపంగ రెండు చేతులా పట్టుకుని చేనంతా నడిచేవాడు. పంగ కిందికి వంగిన చోట ఆగి, మడమతో నేలను ఒకసారి తొక్కి, ఇక్కడ అనేవాడు. నీళ్లు ఎన్ని నిలువుల లోతులో పడతాయో కూడా చెప్పేవాడు. ఇరవై ఏళ్లలో రెండు బావులు మాత్రం తప్పాయి. ఆ రెండింటి సంగతీ ఎవరూ గుర్తు చేయక ముందే తానే చెప్పుకునేవాడు.

ఆ విద్య తండ్రి నుంచి వచ్చింది. నేర్పేటప్పుడు తండ్రి పెట్టిన షరతు ఒక్కటే. లేని నీళ్లు ఉన్నాయంటే పొరపాటు పడ్డాడని జనం క్షమిస్తారు. ఉన్న నీళ్లు లేవంటే మాత్రం ఆ చేతుల్లో పంగ మళ్లీ వంగదు. పగవాడి చేనైనా సరే, ఉంటే ఉన్నాయని చెప్పాలి. గట్టు తగాదాలో తన మీద పంచాయితీ పెట్టించిన వాడి చేలో కూడా మాలకొండయ్య నీళ్లు చూపించి వచ్చాడు. ఆ రోజు భార్య పోలమ్మ అన్నం పెడుతూ తిట్టింది, చేయి కడిగేదాకా తిడుతూనే ఉంది. ఆయన తల వంచుకుని తిన్నాడు.

పందొమ్మిది వందల అరవై మూడు చివర, జొన్నకోతలప్పుడు, మార్కాపురం వైపు నుంచి రెండు జీపులు వచ్చి కొండ పాదాన డేరాలు వేశాయి. రాళ్లు చూసే సర్వేవాళ్లని ఊళ్లో అనుకున్నారు. చుట్టుపక్కల నేల తెలిసిన మనిషి కావాలంటే అందరూ మాలకొండయ్యనే చూపించారు. సర్వే దొర తెలుగువాడు కాదు. జీపు నడిపే జిలానిది మార్కాపురం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, దొరతో వచ్చీరాని ఇంగ్లీషు. మాటలన్నీ అతని నోటి మీదుగానే అటూ ఇటూ నడిచేవి.

దొర మెడలో ఒక పెట్టె, దానికి ఒక గొట్టం. గొట్టాన్ని నేల మీద తిప్పుతుంటే పెట్టె బల్లి పలికినట్టు టిక్కుమనేది. మాలకొండయ్యకు మొదట నవ్వొచ్చింది. తన చేతిలో పంగ వంగినట్టే దొర మెడలో పెట్టె పలుకుతుందన్నమాట. ఇద్దరిదీ ఒకటే వృత్తి అనుకుని దొర పక్కనే నడిచేవాడు.

పన్నెండో రోజు ఆ పెట్టె కృష్ణయ్య చేలో పలికింది. కృష్ణయ్య మాలకొండయ్య అల్లుడు, ఆయన ఒక్క కూతురు అలివేలమ్మ మొగుడు. కొండ మీద నుంచి దిగిన వాగు మలుపు తిరిగే చోట ఆ చేను కొస బీడుగా ఉంది. అక్కడ నల్లటి రాతిపొర నేలలోంచి పైకి తేలి ఉంది. గొట్టం దాని మీదికి పోగానే పెట్టెలోని చప్పుడు పేలాలు వేగినట్టయింది. దొర ముఖం మారిపోయింది. కూలీలందరినీ వెనక్కి పంపించి, నాలుగు వైపులా కొలిచి, ఎర్రరంగు పూసిన గూటం పాతించాడు. మర్నాడు గొయ్యి తవ్వించి, రాళ్లు సంచులకెత్తించి, మూతులు కుట్టించి, గొయ్యి పూడ్పించాడు. చివరికి గూటం కూడా పీకించేశాడు. అలాంటి గోతులు ఆ చుట్టుపక్కల ఇరవై దాకా తవ్వారు కనుక, ఇది మిగిలిన వాటిలాంటిది కాదని ఊళ్లో ఎవరికీ తోచలేదు.

ఆ నేలను చూసి మాలకొండయ్య ఇంకొక సంగతి కూడా గ్రహించాడు. వానలు వెళ్లి రెండు నెలలు దాటినా అక్కడి గరిక పచ్చగా ఉంది. కింద ఊట ఉంది. అందుకు పంగ కూడా అక్కర్లేదు.

డేరాలు ఎత్తేసే రోజున దొర ఒక కాగితం మీద ఆయన వేలిముద్ర వేయించుకున్నాడు. జిలాని చదివి చెప్పాడు. పెట్టె ఎక్కడ పలికిందీ, ఏ రాయి ఎక్కడ దొరికిందీ ఎవరికీ చెప్పకూడదు. చెబితే కొత్త చట్టం కింద జైలు. ఇంటిదానికి కూడా చెప్పకూడదా అని మాలకొండయ్య అడిగాడు.

"ఇంట్లో చెప్పేదీ మార్కాపురం బస్టాండులో చెప్పేదీ ఒకటే గదన్నా" అని జిలాని నవ్వాడు.

మాలకొండయ్య నవ్వలేదు. అక్కడ నీళ్లు పడితే తాగొచ్చునా అని అడిగాడు. జిలాని దొరను అడిగి వచ్చి, నీళ్ల సంగతి తమ పని కాదని, తనకు తెలియదని దొర అన్నట్టు చెప్పాడు. జీపులు వెళ్లిపోయాయి.

మరుసటి ఏడు అక్టోబరులో చైనావాడు బాంబు పేల్చాడు. ఆ వారం మాలకొండయ్య పనిమీద మార్కాపురం పోయి టీ హోటల్లో కూర్చుంటే, ఒకాయన పేపరు పైకి చదువుతున్నాడు, పది మంది వింటున్నారు. పలకల గనిలో పనిచేసేవాడొకడు, మా గని తవ్వి తవ్వి ఇంకో రెండు గజాలు దిగితే చైనాయే వస్తుంది, అప్పుడు మేమే పట్టుకుంటాం లెమ్మని అందరినీ నవ్వించాడు. పేపరు చదివే ఆయన నవ్వలేదు. వెనక జపానులో ఇలాంటిదే పడితే తల్లి కడుపులో ఉన్న పిల్లలు కూడా సరిగా పుట్టలేదని చెప్పాడు. 

జిలాని అక్కడే ఉన్నాడు. మాలకొండయ్యను హోటలు వెనక్కి తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"ఆ బాంబు దేంతో చేస్తారనుకున్నావన్నా? మనం సంచులకెత్తింది అట్లాంటి రాయే."

మాలకొండయ్య చూపు ముద్ర వేసిన తన బొటనవేలి మీదికి పోయింది.

"మనోళ్లు చెయ్యరంట. ఎవుడూ చెయ్యగూడదు, చేసినోళ్లు గూడా ఆపాల అని దేశాలన్నీ తిరిగి చెప్తన్నారంట. గాల్లో పేల్చగూడదని పోయినేడు సంతకం గూడా పెట్టినారు. ఆ రాయి యాడుందో పదిమందికి తెలిసిందనుకో, ఎవుడో ఒకడు ఎత్తుకపోయి అమ్ముకుంటాడు. కొన్నోడు ఇంకో బాంబు చేస్తాడు. నీ ఏలిముద్ర అందుకేనన్నా."

ఆ మాట మాలకొండయ్యకు న్యాయంగానే తోచింది. ఆయన్ను ఎక్కువ భయపెట్టింది కూడా అదే. అన్యాయమైన కట్టడి అయితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి చెవిన వేసి బరువు దించుకునేవాడు. ఇది అలా దించుకునేది కాదు. తాను నోరు జారితే ఎక్కడో, తాను పేరు కూడా వినని ఊళ్లో, కడుపుతో ఉన్న ఆడవాళ్లు చస్తారు.

అప్పటి నుంచి ఆయనకు జీపు చప్పుడు పడలేదు. ఒకసారి దోమల మందు కొట్టేవాళ్ల జీపు ఊళ్లోకి వస్తే కంది చేలోకి పోయి, వాళ్లు వెళ్లిందాకా సాళ్ల మధ్య కూర్చున్నాడు. బట్టల నిండా కంది ఆకు రాలి ఇంటికొస్తే పోలమ్మ ఏమైందని అడిగింది. కడుపులో బాగాలేదన్నాడు.

అరవై అయిదులో ఎండలు ముదిరేసరికి కృష్ణయ్య ఊళ్లో బావి అడుగంటింది. మిగిలింది పాత దిగుడుబావి. దాని నీళ్లు తాగి ఊళ్లో సగం మంది కాళ్లలో నారికురుపు లేచింది. పోయిన ఎండాకాలం వాంతులూ విరేచనాలూ పట్టి ముగ్గురు పోయారు. అలివేలమ్మకు అప్పుడు అయిదో నెల. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. కృష్ణయ్య కబురు పెట్టాడు: మామ వచ్చి చేలో నీళ్లు చూడాలి, ఊరికంతా పనికొచ్చే బావి తవ్వుకుంటాం.

మాలకొండయ్య వెళ్లాడు. వెళ్లకపోతే ఎందుకు రాలేదంటారు. పంగ పట్టుకుని చేనంతా నడిచాడు, వాగు మలుపు వైపు మాత్రం పోలేదు. ఊరి పెద్దలు నలుగురు గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"ఆ మూల మిగిలింది మామా" అన్నాడు కృష్ణయ్య.

అక్కడంతా రాయేనన్నాడు. రాయైనా ఒకసారి నడవమన్నారు పెద్దలు. ఇక తప్పలేదు. గరిక దగ్గరికి నాలుగడుగుల దూరంలోనే పంగ చేతుల్లో తిరగబోయింది. ఆయన పళ్లు బిగించి పట్టుకున్నాడు. పచ్చి బెరడు ఊడి అరచేతుల్లోకి వచ్చింది, పంగ మాత్రం కిందికి పోయింది. పైకి లేపి, నీళ్లు లేవన్నాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఉన్న నీళ్లను లేవనడం అదే మొదలు.

"కర్ర కిందికి పోయింది గదా. నాకు కనపడింది" అన్నాడు అల్లుడు.

"చెయ్యి జారింది."

"ఇన్నేండ్లు జారని చెయ్యి నా చేలోనే జారిందా?" అని కృష్ణయ్య పెద్దల వైపు చూశాడు. "పిల్లనిచ్చినోడికి నీళ్లియ్యడానికి మనసు రాలేదు."

వద్దు, అక్కడ మాత్రం తవ్వొద్దు అన్నాడు మాలకొండయ్య. ఎందుకని అడిగారు. ఆయన పంగ చంకన పెట్టుకుని గట్టెక్కాడు. ముసలాయనకు విద్య పోయిందని ఒకరు, అల్లుడి మీద ఏదో మనసులో పెట్టుకున్నాడని ఇంకొకరు అనుకున్నారు. మర్నాడే గడ్డపారలు దిగాయి.

ఆయన ఇంటికి పోకుండా నేరుగా మార్కాపురం పోయాడు. జిలాని లేడు, సర్వేవాళ్లతో కడప వైపు పోయి రెండు నెలలయిందని అతని తమ్ముడు చెప్పాడు. పోయి తాలూకా కచేరీ అరుగు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక ఒక గుమాస్తా పిలిచి, పనేందని అడిగాడు.

"ఒక సంగతి మా బిడ్డకు చెప్పొచ్చా లేదా అని అడగను వచ్చినా సామీ."

"ఏం సంగతి?"

"అది చెప్పగూడదు."

గుమాస్తా మంచివాడే. తలనొప్పి వచ్చినవాడిలా నుదురు రుద్దుకుని, ఏ ఊరు, ఏ చేను, ఎవరు చెప్పొద్దన్నారు అని ఒక్కొక్కటే నెమ్మదిగా అడిగాడు. అప్పుడు అర్థమైంది మాలకొండయ్యకు. చెప్పడానికి అనుమతి కావాలంటే ముందు ఆ చోటు చెప్పాలి. ఏమీ లేదు సామీ అని లేచాడు. గుమాస్తాకు అనుమానం వచ్చిందో, జాలే కలిగిందో, పేరూ ఊరూ అడిగి కాగితం ముక్క మీద రాసుకున్నాడు. ఇప్పుడు తన పేరు రెండు కాగితాల మీద ఉంది.

నాలుగున్నర నిలువుల దగ్గర నీళ్లు పడ్డాయి. కృష్ణయ్య కబురు చేశాడు: మామ లేవన్న నీళ్లతో పాయసం వండుకున్నాం, వచ్చి తినమని. పోలమ్మ అవమానంతో రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. కూతురు ఎలా ఉందని ఆ దారిన పోయే ప్రతి మనిషినీ ఆయన అడిగేవాడు. బాగుందంటే నిజమేనా అని మళ్లీ అడిగేవాడు. తిన్నది ఇమడడం లేదని ఒకామె చెప్పిన రోజున అన్నం ముందు నుంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు.

అలివేలమ్మ బావి దగ్గరే ఉంది. అవతలి గట్టున ముగ్గురు ఆడవాళ్లు చేదుకుంటున్నారు. తండ్రిని చూసి బిందె దించింది. మనిషి చిక్కింది, కళ్ల కింద నల్లగా ఉంది. ఆయన ఆమెను నాలుగడుగులు పక్కకు పిలిచి, అందరికీ కనిపించేలా నిలబడి, ఎవరికీ వినపడకుండా చెప్పాడు. పెట్టె సంగతి, గూటం సంగతి, వేలిముద్ర సంగతి, జపానులో ఆడవాళ్ల సంగతి. చెబుతున్నంతసేపూ రోడ్డు వైపే చూస్తున్నాడు.

అంతా విన్నాక అలివేలమ్మ అడిగింది.

"ఈ నీళ్లు తాగితే ఏమైతది నాయనా?"

"తెలీదమ్మా."

"ఆ దొరకు తెలుసా?"

"తెలీదన్నాడు."

"దిగుడుబావి నీళ్లు తాగితే?"

దానికి ఆయన దగ్గర జవాబుంది. ఆమె దగ్గర కూడా ఉంది. పోయిన ముగ్గురిలో ఒకామె ఆమె తోటికోడలు.

"పుట్టింటికి రామ్మా. కాన్పయ్యేదాకా మా కాడుందువు" అన్నాడు.

"వస్తా. నేనొస్తే ఈళ్లంతా?" అని అవతలి గట్టు వైపు చూసింది. "వాళ్లకు చెప్తావా?"

మాలకొండయ్య మళ్లీ రోడ్డు వైపు చూశాడు. ఆమె బావిలోకి చూసింది. ఆమె ముఖంలోకి వస్తున్నదేమిటో ఆయనకు తెలుసు. ఇన్నాళ్లుగా తనలో ఉన్నదే. నీళ్లివ్వలేనివాడు, నీళ్లాపలేనివాడు, బిడ్డకు తెచ్చి ఇచ్చింది ఈ బరువు.

"ఆయనకు చెప్పొద్దు" అంది చివరికి. "ఆయన నోట్లో మాట ఆగదు. నిన్ను పట్టుకపోతారు."

"మరి నువ్వు?"

"ఎవరికి చెప్పాల? చెప్పి వాళ్లకు ఏం తాపాల?"

వెనక్కి పోయి చేద వేసింది. నిండిన చేద పైకి లాగి, బిందె మూతి మీద వడగుడ్డ పరిచింది. పరిచిందాన్ని మళ్లీ తీసి, రెండు మడతలున్న గుడ్డను నాలుగు మడతలు చేసి, నాలుగు కొసలూ గట్టిగా అదిమి పట్టుకుని, సన్నధారగా పోయడం మొదలుపెట్టింది. అవతలి గట్టు మీది ఆడమనిషి చూసి, ఏంది అలివేలూ, అద్దంలాగున్న నీళ్లకు అన్ని మడతలెందుకని అడిగింది.

"నలకలు పడతన్నాయి వదినా" అంది అలివేలమ్మ తల ఎత్తకుండా.

ఆమె కూడా కొంగు సర్దుకుని తన గుడ్డను నాలుగు మడతలు చేసింది. ఆ పక్కామె కూడా. మాలకొండయ్య గట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు. మూడు బిందెలు నిండేదాకా ఏ గుడ్డ మీదా ఒక్క నలక కూడా పడలేదు.