ఇసుకలోంచి లేచిన సీసాలు

మా చర్చిలో నెలనెలా ప్రభువు బల్లకు వెళ్లేది మా అత్తమ్మ చేసిన ద్రాక్షారసమే. విడవలూరు పక్కన మా ఊరికి కోడలుగా వచ్చిన ఏడు మొదలుపెట్టిందట. నల్లద్రాక్ష పిసికి, జాడీలో పులియబెట్టి, వడగట్టి, సీసాల్లో పోసి బెండు బిరడాలు బిగించేది. బిరడా ఎండితే గాలి చొరబడుతుందని సీసాలను తడి ఇసుకలో పడుకోబెట్టేది. చర్చిలో బిరడా లాగేదీ ఆమే. ఇసుక తడిపే చాకిరీ మాత్రం నాది.

కిందటేడు ఆమె వేళ్లు కొంకర్లు పోయాయి. ఒక ఆదివారం లాగుతుంటే బిరడా విరిగి బెండు పొట్టు బల్ల మీది గిన్నెలో పడింది. సంఘపెద్ద ఇంటికొచ్చి, "ఇంక నెల్లూరు నుంచి తెప్పించుకుంటాంలేమ్మా, మీరు కష్టపడబాకండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. వెళ్లి పోట్లాడి, ఈస్టర్ దాకా గడువు తెచ్చాను.

బిరడా లాగే పని లేకుండా, తిప్పితే వచ్చే మరమూతల సీసాలు కొన్నాను.

"ఏంది మే ఇవి, దగ్గుమందు సీసాల మాదిరి ఉండాయి?" అంది అత్తమ్మ.

రసం పోసి, మూతలు బిగించి ఇచ్చాను. వీటిని పడుకోబెట్టనక్కర్లేదని చెప్పడం మరిచాను. ఆమె అలవాటుగా అన్నింటినీ ఇసుకలో పూడ్చింది. ఈస్టర్‌కు వారం ముందు రుచి చూద్దామని ఆమె ఒకటి తీసి మూత తిప్పితే కరకరమంది. వంచితే, మూత మరలో ఇరుక్కున్న ఇసుక రసంతోపాటు గ్లాసులో రాలింది.

"నా చేతులకి ఇంక ఈ పని చాతకాదు మే," అని ఏడ్చింది.

"తప్పు మీ చేతులది కాదు, నా నోటిది," అని కసిరాను. "ఈ మూతకు తడి అక్కర్లేదు అత్తమ్మా. ఎండ తగలకుండా నిలబెడితే చాలు."

మిగతా సీసాలు కడిగి, మూతల చుట్టూ పాత టూత్‌బ్రష్‌తో తోమి, వెనక గదిలో అలమరలో నిలబెట్టాం. ఆ వారమంతా ఆమె గడియకోసారి అలమర తెరవడం, నేను కేకలేయడం. నిజానికి ఆమెకన్నా నాకే గుబులు ఎక్కువ.

ఈస్టర్ ఉదయం, ఆరాధనకు ముందు, సంఘపెద్ద సీసా అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. మూత మీద కొంగు వేసి, అరచేత్తో పట్టి తిప్పింది. ఒక్క తిప్పుకే వచ్చేసింది. చుక్క కింద పడకుండా గిన్నెలో పోసింది. ఆయన తొంగిచూశాడు. రసం తేటగా ఉంది.

"వచ్చే నెలకి కూడా మీరే పంపండమ్మా," అన్నాడు.

"పంపను," అంది అత్తమ్మ.

నేను గబుక్కున ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది.

"నేనే తెస్తా. మూతా నేనే తీస్తా."