ఆదివారం గూడ్సు

ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్ళో నేను అద్దెకున్న ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పెరట్లో రైల్వే సిగ్నలు స్తంభం ఉండేది. ఎర్ర రెక్క, దాని మీద తెల్ల పట్టీ, అంతా అసలైనదే. ఆ ఊరి ఆసుపత్రిలో వృద్ధుల వార్డుకి రిజిస్ట్రారుగా, అంటే పెద్ద డాక్టరు కింద డాక్టరుగా, చేరి అప్పటికి నెల కూడా కాలేదు. నా భార్య డబ్లిన్‌లో, బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరు. మా అమ్మాయి ఆమె దగ్గరే ఉండి బడికి వెళ్ళేది. రెండు వారాలకొకసారి రైలెక్కి వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మిగిలిన ఆదివారాల్లో బట్టలు ఉతుక్కుని, వారానికి సరిపడా పప్పు వండుకుని, కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవాణ్ణి.

అలాంటి ఒక ఆదివారం ఆ సిగ్నలు తీగకి నూనె పెడుతూ ఒక పెద్దాయన కనిపించాడు. ఎనభై దాటి ఉంటాయి. ప్రహరీ దగ్గర ఆగి, మా నాన్న కాజీపేటలో రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసేవాడని, ముప్ఫై ఏళ్ళు పాయింట్లూ సిగ్నళ్ళూ లాగాడని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. అప్పటికి నాలుగు రోజులుగా ఆసుపత్రి బయట ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎన్ని లీవర్లు?" అన్నాడు.

"నలభై ఎనిమిది."

"నా కేబిన్‌లో పదహారే," అని నూనె డబ్బా కింద పెట్టి, పెరటి చివర ఉన్న షెడ్డు తలుపు తీశాడు.

లోపల నడుమెత్తు బల్లల మీద గోడల చుట్టూ ఒక బుల్లి రైలు మార్గం ఉంది. ఊరి నుంచి సముద్రం దాకా వెళ్ళి, ఎప్పుడో మూతపడిన బ్రాంచి లైను అది. ఇప్పుడా దారిలో జనం సైకిళ్ళు తొక్కుతారు. పెద్దాయన పద్దెనిమిదో ఏట అక్కడే పోర్టరుగా చేరి, తర్వాత సిగ్నల్‌మన్ అయ్యాడు. లైను మూసేయడానికి ముందు ఏడాదిలోని ఒక మామూలు రోజుని డెబ్భై ఆరో వంతు సైజులో మళ్ళీ కట్టుకున్నాడు.

దుకాణాల్లో దొరికే చిన్న పట్టాలు ఈ దేశపు రైలు వెడల్పుకి సరిపోవని, ఇరవై ఒక్క మిల్లీమీటర్ల ఎడంతో ఒక్కో స్లీపరూ తానే కోసి అతికించాడు. బొగ్గు వ్యాగన్లలో ఉన్నది నిజం బొగ్గే, భార్య పాత మేజోళ్ళలో జల్లించిన పొడి. పశువుల వ్యాగన్లకి అడుగు పలకల మీద తెల్లటి చారలు కారినట్టు రంగు వేశాడు. ఆ రోజుల్లో పశువులు దిగాక వ్యాగన్లని సున్నంతో కడిగేవారట. స్టేషను వెనక గోడకి తడి మరక కూడా ఉంది. "అక్కడ తూము పగిలి ఉండేది. ఎన్నిసార్లు రాసినా బాగుచేయలేదు వాళ్ళు," అన్నాడు, నిన్నటి ఫిర్యాదులాగా.

చూడటానికి పెట్టిన బొమ్మ కాదది. నడపాలి. నేను ఊళ్ళో ఉన్న ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి టైమ్‌టేబుల్ ప్రకారం ఆ రోజు మొదలయ్యేది. గోడ మీద గడియారం నాలుగు రెట్లు వేగంగా తిరిగేది, మా అరగంట దానికి రెండు గంటలు. ప్రతి వ్యాగనుకీ ఒక కార్డు ఉండేది. ఎక్కడి నుంచి వచ్చింది, ఏం మోస్తోంది, ఏ సైడింగులో వదలాలి అన్నీ ఆయన చేతిరాతతో అందులో ఉండేవి. నేను సముద్రం చివర, ఆయన ఊరి చివర. గంట కొట్టి అడగాలి, గంట కొట్టి ఒప్పుకోవాలి. ఒంటి లైను కాబట్టి వేలెడంత ఇత్తడి కడ్డీ డ్రైవరు దగ్గర ఉంటేనే బండి కదలాలి. కడ్డీ ఒకటే. అందుకే లైను మీద బండీ ఒకటే.

మొదటి మధ్యాహ్నం గూడ్సులోంచి రెండు వ్యాగన్లు విడదీసి సైడింగులో పెట్టడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన నవ్వలేదు. "గార్డు కిందికి దిగి, నడిచి వెళ్ళి, కొక్కెం తీయాలి కదా. ఆ టైము ఇవ్వు," అన్నాడు. చీమంత గార్డు నడిచే సేపు ఇద్దరం గడియారం చూస్తూ నిలబడ్డాం.

ఏడాదిన్నర అలా గడిచింది. ఏటేటా కాంట్రాక్టు మారుస్తూ, ఊళ్ళు మారుతూ బతికిన నన్ను, ఆ షెడ్డులో నా వీసా గురించి గానీ తర్వాతి పోస్టింగు గురించి గానీ ఎవరూ అడగలేదు. ఆయన భార్య మూడున్నరకి టీ, వెన్న రాసిన బ్రౌన్ బ్రెడ్ తెచ్చేది. గుమ్మం దగ్గరే నిలబడి, "ఇవాళ బండి టైముకే ఉందా?" అని అడిగేది. ఆమెకి రైళ్ళంటే ఏ ఆసక్తీ లేదు. మర్యాదకి అడిగేది.

రెండో ఏడు అక్టోబరులో ఆయన ఒక పశువుల వ్యాగనుని బొగ్గు సైడింగులో పెట్టాడు. కార్డు చేతిలోనే ఉంది. చదివాడు కూడా. ఆయన అటు తిరిగినప్పుడు దాన్ని వెనక్కి తెచ్చాను. మరో రెండు వారాలకి గంట సంకేతం తప్పింది. నాలుగు కొట్టాల్సిన చోట రెండు కొట్టి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. నవంబరులో ఒకరోజు గడియారం వైపు చాలాసేపు చూశాడు. "ఎంతయింది?" అని నన్ను అడిగాడు.

నాకు తెలిసిపోయింది. వార్డులో రోజూ నేను చేసే పని అదే. ముసలివాళ్ళకి కాగితమిచ్చి గడియారం గీయమంటాను, మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడుగుతాను. ఎవరైనా ముళ్ళు పెట్టడానికి తడబడితే, ఆ సాయంత్రమే కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడేవాణ్ణి.

ఇక్కడ మాత్రం పది నిమిషాలు ముందు రావడం మొదలుపెట్టాను. ఇంజను వేడెక్కించాలని చెప్పేవాణ్ణి. ఆయన ఇంట్లో బూట్లు తొడుక్కునేలోపు కార్డులన్నీ వరసలో సర్ది, తప్పు సైడింగుల్లో ఉన్న వ్యాగన్లని సరిచేసేవాణ్ణి. కడ్డీ నా చేతిలోనే ఉంచుకునేవాణ్ణి. ఆయన నా పేషెంటు కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నోరు విప్పితే ఆయన డ్రైవింగ్ లైసెన్సు పోతుంది, ఆయన ఎవరి క్లినిక్కులోనో ఒక పేషెంటు పేరుగా మారిపోతాడు, షెడ్డుకి తాళం పడుతుంది. నా ఆదివారాలు పోతాయి.

ఫోనులో నా భార్యతో ఈ విషయం అన్నాను.

"వాళ్ళింటామెకు చెప్పినవా?" అంది.

"చెప్తలే. క్రిస్మస్ పోనీ."

"ఆయన కార్ నడుపుతడన్నవ్ గదా?"

"ఊర్లనే నడుపుతడు. మెల్లగ పోతడు."

"ఈయన మెల్లగ పోతే ఏమయితది? ఎదురుంగ వచ్చేటోడు మెల్లగ రాడు గదా. నువ్వు డాక్టర్‌వి. నీకు నేను చెప్పాల్నా?"

కోపం వచ్చి ఫోను పెట్టేశాను.

జనవరిలో ఒకసారి వానలో దుకాణం నుంచి వస్తుంటే ఆయన కారాపి ఎక్కమన్నాడు. రౌండబౌట్ కూడలి మధ్యలో కారు నిలిపేశాడు. వెనక హారన్లు మోగాయి. "ఎటు వెళ్తున్నామో చూస్తున్నా," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటి ముందు దిగి థాంక్స్ చెప్పాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆయన ఇంట్లోకి వెళ్ళినప్పుడు, ఆయన భార్య టీ ట్రేతో వచ్చి మామూలుగా గుమ్మంలో ఆగలేదు. లోపలికి వచ్చి ట్రే బల్ల మీద పెట్టింది.

"నిన్నొకటి అడగనా, డాక్టర్? ఆయన బాగానే ఉన్నాడు కదా? నిన్న కెటిల్ తీసుకెళ్ళి కోట్లు పెట్టే ప్రెస్‌లో పెట్టాడు. నేనడిగితే కోప్పడ్డాడు."

ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు. ఆ మాట నాకు మొదట నేర్పింది ఆమే.

ఆమె మొహంలోకి చూశాను. అడగడానికి ఎన్ని రోజులు ధైర్యం కూడగట్టుకుందో తెలుస్తూనే ఉంది. నిజం చెప్పడానికి ఆమె నాకు దారి తీసిపెట్టింది. పెరట్లో ఆయన అడుగుల చప్పుడు వినిపించింది.

"ఆయన గ్రాండ్. వయసు కదా, అంతే," అన్నాను, బాగానే ఉన్నాడనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటతో.

ఆమె తేలికపడింది. నా చేతి మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్తే నాకు నమ్మకం," అంది.

మార్చిలో ఒక బుధవారం పొద్దున, సముద్రం వైపు రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట ఆయన కారు ఆపలేదు. లారీ వచ్చి పక్క సీట్లో ఆయన భార్య కూర్చున్న వైపు గుద్దింది.

నేను వేరే పేషెంటు కోసం ఎమర్జెన్సీకి వెళ్ళాను. మూడో స్ట్రెచరు మీద ఆమె కనిపించింది. పక్కటెముకలు విరిగాయి, తుంటి విరిగింది. ఆక్సిజన్ మాస్కు లోంచి నన్ను గుర్తుపట్టింది. "ఎవరు ముందు వెళ్ళాలో ఆయనకి తట్టలేదు. ఆయన్ని ఏమీ అనొద్దని వాళ్ళకి చెప్పు," అంది. అలాగే అన్నాను. ఊపిరితిత్తులకి ఇన్‌ఫెక్షను పట్టింది. తొమ్మిదో రోజున పోయింది.

ఆయనకి నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి, అంతే. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి ఆయనతో మాట్లాడి, కాసేపటికే పుస్తకం మూసేశారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అంత్యక్రియల రోజు చర్చి గుమ్మంలో వరసగా అందరూ ఆయనతో చేయి కలుపుతూ వెళ్ళారు. నా వంతు వచ్చినప్పుడు నా చేయి వదలకుండా దగ్గరికి వంగి, "పోయినదెవరు?" అని అడిగాడు. వెనక జనం ఉన్నారు. చేయి విడిపించుకుని ముందుకి జరిగాను.

వాళ్ళకి ఒకతే కూతురు. అత్లోన్ అనే ఊళ్ళో మందుల కంపెనీలో పనిచేస్తుంది. తండ్రిని నర్సింగ్ హోములో చేర్చింది. మే నెలలో ఇల్లు ఖాళీ చేస్తూ, షెడ్డు విప్పడానికి సాయం రమ్మని నన్ను అడిగింది. నాన్న స్నేహితుడు మీరొక్కరే అంది.

ఇంకో కౌంటీ నుంచి ఒక రైలు నమూనాల క్లబ్బు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఆ వెడల్పు పట్టాల మీద వాళ్ళ బళ్ళు నడవవు. స్టేషను, ఇంజన్లు, వ్యాగన్లు తీసుకున్నారు. మిగిలినదంతా గేటు బయట పెట్టిన పెద్ద చెత్త తొట్టిలోకే. స్క్రూలు తీసి, తీగలు కత్తిరించి, బల్లలు ఒక్కొక్కటే మోసుకెళ్ళాం. ఒక్కో స్లీపరూ ఆయన కోసినదని నేను ఆమెకి చెప్పలేదు. పడేసినప్పుడు అవి ఎండిన పుల్లల్లా విరిగాయి.

ఆమె కార్డుల పెట్టె ఖాళీ చేస్తూ ఆగింది. అడుగున రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి ఉంది. అవి వ్యాగన్ల కార్డులే. వెనక వైపు పెన్సిలుతో రాసి ఉంది. ఒకటొకటిగా చదివి బల్ల మీద పెట్టింది. నేనూ చదివాను. 'గూడ్సుకి గంటలు నాలుగు.' 'పెద్ద ముల్లు నిమిషాలు.' 'ఎరుపు తలుపు మన ఇల్లు.' చివరి కార్డు మీద అక్షరాలు పక్కకి ఒరిగిపోయాయి. 'కార్డులు డాక్టర్ సర్దుతున్నాడు. తెలియనట్టు ఉండు.'

ఆమె ఆ కార్డు నా వైపు చాచింది.

"మీరు సర్దేవారా?"

"అవును."

"ఎప్పటి నుంచి?"

"నవంబరు నుంచి."

"అమ్మ మిమ్మల్ని అడిగిందా?"

అడగలేదని చెప్పవచ్చు. అది తెలిసిన మనిషి మట్టిలో ఉంది.

"అడిగింది. ఫిబ్రవరిలో. ఆయన గ్రాండ్ అని చెప్పాను."

ఆమె అరవలేదు. కార్డులు మళ్ళీ కట్టగా పేర్చి రబ్బరు బ్యాండు వేసింది. "అంటే మీ ఇద్దరికీ తెలుసన్నమాట," అంది. "పక్క సీట్లో కూర్చున్న మా అమ్మకే తెలియదు."

కట్టని కోటు జేబులో పెట్టుకుని, మిగతాది తానే చూసుకుంటానని, నన్ను ఇంటికి వెళ్ళమంది. వెళ్ళాను. ఆ తర్వాత ఆమె నాకు ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.

జులైలో నాకు డబ్లిన్‌లో ఉద్యోగం దొరికింది. ఊరు వదిలే ముందు నర్సింగ్ హోముకి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు, ఎవరో శుభ్రంగా గడ్డం గీశారు. నన్ను చూసి మర్యాదగా తల ఊపాడు. గుర్తుపట్టలేదు.

"మా ఆవిడ వస్తోందా?" అని అడిగాడు.

అక్కడి నర్సు నాకు ముందే చెప్పింది, వస్తున్నారని చెప్పండి, అందరం అదే చెబుతాం అని. కానీ ఈ మనుషులకి చెప్పాల్సినన్ని అబద్ధాలు ఎప్పుడో చెప్పేశాననిపించింది. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చనిపోయిందని, మార్చిలో పోయిందని చెప్పాను.

ఆయన మొదటిసారి విన్న మనిషిలా ఏడ్చాడు. ఆయన లెక్కలో అది మొదటిసారే. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. నర్సు పరుగున వచ్చి ఆయన భుజాలు పట్టుకుని, తల తిప్పి నా వైపు చూసింది. పది నిమిషాలకి ఏడుపు ఆగింది. ముక్కు తుడుచుకున్నాడు. నన్ను చూసి మర్యాదగా తల ఊపాడు.

"మా ఆవిడ వస్తోందా?"

"దారిలో ఉన్నారు," అన్నాను.

సరేనని కిటికీ వైపు తిరిగాడు. నేను రిజిస్టరులో సంతకం పెట్టి బయటికి వచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు.