మాచవరం దారిలో ముప్పై తెల్ల చీరలు

ఉదయం ఐదున్నరకు నరసరావుపేట బస్టాండులో మా మూటలు చూసి కండక్టరు, "ఏందమ్మా, కాపురం మారుస్తన్నారా?" అన్నాడు. మూడు మూటల్లోనూ చీరలే. మాచవరం అవతల వాగు పొంగి ఇళ్లు మునిగిన ఒక ఊరికి మా చర్చి తరఫున బయల్దేరాం. నేను, పక్కింటి దీనమ్మ, మా పాస్టరుగారు. ఆయన్ను అందరం అయ్యగారంటాం. చీరలు పోగేసింది నేనే. బడిపంతులమ్మను కదా, అడిగితే ఎవరూ లేదనరు. ముప్పై చీరలు, ఒక్క చిరుగు లేదు. ఈ మాట పిడుగురాళ్ల చేరేలోపు అయ్యగారికి నాలుగుసార్లు చెప్పాను.

ఎనిమిదికి పిడుగురాళ్లలో ఇడ్లీ తిన్నాం. కారప్పొడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదింటి బస్సు పదింటికి వచ్చింది. మాచవరం అప్పుడే మండల కేంద్రమైంది. బోర్డు కొత్తది, రోడ్డు పాతది. గోతుల్లో ఎగిరెగిరి పడుతుంటే, ఒళ్లో కోడిని పెట్టుకున్న ఒక ముసలమ్మ నన్ను ఓదార్చింది. "వరదకి చెడిందనుకుంటన్నావా? ముందునించీ ఇంతేలే."

పదకొండున్నరకు ఊళ్లో దిగాం. వాగు ఏమీ ఎరగనట్టు పారుతోంది. గోడల మీద మాత్రం ఛాతీ ఎత్తున బురద చార ఉంది. బస్సు ఆగేచోట ఒక పెద్దాయన రేకుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. పేరు మస్తాన్ సాయిబు, నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల చీరలకు రంగులేసే మనిషి. సాయంత్రం ఐదింటి బస్సుకు పిడుగురాళ్ల మీదుగా దాచేపల్లి వెళ్లిపోతాడట, సిమెంటు లారీల లోడింగు పనికి.

"ఈ వయసులో బస్తాలు మోస్తావా?" అంది దీనమ్మ.

"రంగు కాచే కాగు బురదలో కూరుకుపాయె. ఇంకేం చెయ్యమంటావమ్మా?"

బడి వరండాలో ఆడవాళ్లంతా వరసగా నిలబడ్డారు. నేను దర్జాగా మూటలు విప్పాను. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. అన్నీ తెల్ల చీరలు! ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లడం మా ఆడవాళ్ల అలవాటు. ఉన్నవాటిలో మంచివి ఇమ్మంటే అందరూ అవే ఇచ్చారు. ముత్తయిదువలకు తెల్లచీర చాపుతున్నానన్న ఆలోచనే నాకు తట్టలేదు.

ముందున్న కోటమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. వెనకాలే ఉన్న ఆమె మొగుడు హనుమయ్య, "నేనింకా పోలేదుగా పంతులమ్మా!" అన్నాడు. వరసంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కోటమ్మ మాత్రం మెల్లగా, "వరదనాటి చీరే తల్లీ ఇది. సగం తడిపి, సగం ఒంటిమీదే ఆరబెట్టుకుంటన్నా" అంది.

దీనమ్మ, నేను ఒక చీర పట్టుకుని బస్సు ఆగేచోటికి పరుగెత్తాం.

"కాగులో బురద," అన్నాడు సాయిబు. "కట్టెలు తడి. నాకు బస్సుంది."

"బస్సు ఐదింటికి కదా! వంకలు చెప్పకు సాయిబూ" అంది దీనమ్మ.

ఆయన చీర అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నూలు మంచిదే" అని పెట్టె తెరిచాడు. బట్టల మీద పెద్ద రంగు డబ్బా. "అటకమీదుంటే ఇదొక్కటే మిగిలింది. రాణీ రంగు." బస్తాలు మోసే పనికి రంగు డబ్బా ఎందుకో నేనడగలేదు.

అయ్యగారు పంచె ఎగ్గట్టి కాగులో బురద తోడారు. దాన్ని బడి ఆవరణలోకి దొర్లించుకొచ్చాం. కోటమ్మ మిట్టమీది అన్న ఇంటినుంచి ఎండు పత్తికట్టె తెచ్చింది. మంట అందుకునేసరికి సాయిబు మరో మనిషయ్యాడు. "ఉప్పు ఇంకో చారెడు ఎయ్యమ్మా, లేకపోతే రంగు నిలవదు! అయ్యగారూ, ప్రార్థన తర్వాత, ముందు కలబెట్టండి!" మధ్యాహ్నం ఆ ఊరివాళ్లే మాకు గోంగూర పచ్చడితో అన్నం పెట్టారు. పెట్టడానికి వెళ్లినవాళ్లం, సిగ్గులేకుండా రెండోసారి కూడా వడ్డించుకున్నాం.

ఐదింటికి బస్సు వచ్చేసరికి బడి ఆవరణంతా రాణీ రంగే. కండక్టరు కేకేశాడు. "సాయిబూ, పెట్టె ఎక్కించేదా?"

మోచేతులదాకా రంగుతో ఉన్న సాయిబు వెనక్కి తిరగలేదు. "కాగులో ఇంకా మూడు చీరలున్నయ్యి. పోనీ."

"రేపొస్తావా మరి?"

"రేపియ్యన్నీ ఆరినియ్యో లేదో ఎవరు చూస్తారు?"

ఎవరూ చెప్పకుండానే హనుమయ్య ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని సాయిబు ఇంటివైపు నడిచాడు. మేం ఎక్కగానే బస్సు కదిలింది. వెనక సీట్లోంచి మలుపుదాకా ఆ పెట్టెనే చూశాను. చెప్పలేనంత సంతోషమేసింది.

పిడుగురాళ్లలో టీ తాగుతూ చూసుకుంటే నా చీర కుచ్చిళ్ల నిండా రంగు మరకలు. ఇంటికొచ్చాక కుంకుడురసం, నిమ్మకాయ, ఏదీ పనిచేయలేదు. ఆదివారం ఆ చీరే కట్టుకుని చర్చికి వెళ్లాను. ఇదేమిటని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను. సాయిబు ఉప్పు సరిగ్గా వేయించాడని.