బావ ఎందుకు పేల్చలేదు

సైన్యం నుంచి పింఛను మీద వచ్చాక మా ఆయన మహారాష్ట్ర సరిహద్దులోని దెగ్లూరులో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకితో నిలబడే ఉద్యోగంలో చేరాడు. ఆ రెండు గొట్టాల తుపాకి ఆయన సొంతం, లైసెన్సు కూడా ఆయన పేరు మీదే. బ్యాంకులో దానితో పని పడింది లేదు. వరుస తప్పి ముందుకు దూరేవాళ్ళను ఒకసారి కళ్ళెర్ర చేసి చూస్తే చాలు, సర్దుకునేవాళ్ళు. కానీ ఆదివారం వస్తే ఇంట్లో దాన్ని విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ బిగించేవాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంత సేవ చేయలేదని నేను దెప్పేదాన్ని. "నువ్వు తుప్పు వట్టవు గద" అనేవాడు.

మా తమ్ముడిది మర్ఖేల్ దగ్గర ఒక పల్లె. మా అమ్మానాన్నలు బతికినన్నాళ్ళూ ఒకరి చేలలో కూలికి పోయినవాళ్ళే. తమ్ముడు మాత్రం ధైర్యం చేసి ఒక రైతు దగ్గర భూమిని బటాయికి తీసుకున్నాడు. పండినదాంట్లో సగం రైతుది, సగం తనది. మా ఇంట్లో సొంతంగా పంట చూసుకోవడం అదే మొదలు. ఆ చలికాలం జొన్న బాగా ఎదిగింది. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగాయి. తిన్నది కొంతైతే తొక్కింది అంతకు ఎక్కువ. మా మరదలు తన పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టింది.

"నా పెండ్లి చీర గూడ కట్టిన వదినా. జర సేపు నిలవడి సూసినయంట. దాని కిందికెల్లే లోపటికి వోయినయి" అని ఫోనులో చెప్పి తనే పకపకా నవ్వింది. నవ్వు అయిపోయాక ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఊరివాళ్ళు అటవీ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటే కొన్నాళ్ళకు పర్వానగీ వచ్చింది. పంట పాడుచేసే పందులను లైసెన్సు ఉన్న మనిషి చేత కొట్టించవచ్చని. ఆ పర్వానగీలో మా ఆయన పేరు రాయించింది తమ్ముడే. ఎర్ర బస్సు దిగి నేరుగా బ్యాంకుకే వచ్చాడు.

"బావా, నీ తుపాకి ఎండకు నిలవడి నిలవడి యాష్టపడ్డది. జర చేనుకు తోల్కరా."

"వస్త గని, ఎప్పుడు పేల్చాల్నో నేనే జెప్త. నువ్వు అడగొద్దు."

"అడగ బావా, ఒట్టు."

ఆ ఒట్టు మంచె ఎక్కేదాకే నిలిచింది.

సెలవులు కలిసొచ్చాయని నేనూ వెళ్ళాను. ఊళ్ళో మమ్మల్ని పెండ్లివాళ్ళను చూసినట్టు చూశారు. మరదలు అప్పటికే మసాలా నూరి పెట్టింది. చచ్చిన పందిని ఎవరూ ముట్టకూడదనీ, అటవీవాళ్ళే వచ్చి పూడ్పిస్తారనీ మా ఆయన చెప్పేసరికి ఆమె చేయి నడుము మీద పెట్టుకుంది.

"మల్ల ఈ మసాలా ఏం జెయ్యాలె అన్నా?"

"వంకాయల వెయ్యి చెల్లె."

మొదటి సాయంత్రం మా ఆయన, తమ్ముడు, నేను మంచె ఎక్కాం. వేట చూద్దామని వచ్చిన జనం బాట మీద నిలబడి ఎంత వద్దన్నా తమలో తాము మాట్లాడుకుంటూనే ఉన్నారు. పొద్దు వాలుతుండగా ఒక పంది చేనులోంచి బయటపడి, ఆ గోలకు బెదిరి పరుగు తీసింది. మా ఆయన తుపాకి ఎత్తనే లేదు.

"కొట్టు బావా!"

"ఉరుకుతున్నది. ఉరికేదాన్ని ఎక్కడ తాకుతదో ఎవలు జెప్పాలె?"

రెండోరోజు జనాన్ని రావద్దన్నాం. ఒక ఆడపంది వచ్చింది, వెనక చారల చారల పిల్లలు. అవి తల్లి కాళ్ళ కింద దూరుతూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన తుపాకి ఒళ్ళో పెట్టుకుని తనూ నవ్వుతూ చూశాడు. తమ్ముడు మాత్రం తల పట్టుకున్నాడు. "నా జొన్న దింటుంటే ఇద్దరు సిన్మ సూసినట్టు సూడవడితిరి."

మూడోరోజు వచ్చింది నిజంగా పెద్దది. మెడ మీద జూలు లేచి ఉంది. చేను పక్కన పారే చిన్న వాగు, ఆ ఒర్రె అవతలి గట్టున, మాకు ఎదురుగా ముఖం పెట్టి కదలకుండా నిలబడింది. దాని వెనక పత్తిచేను, చేను పక్కన కూలివాళ్ళు ఇంటికి పోయే దారి. మా ఆయన తుపాకి ఎత్తి భుజానికి ఆనించాడు. తమ్ముడు మంచె గుంజను గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపటికి ఆయన తుపాకి దించాడు. పంది తాపీగా తోక ఊపుకుంటూ పోయింది.

తమ్ముడు మా వైపు చూడకుండా మంచె దిగి ఇంటికి నడిచాడు. అది మరీ కష్టంగా ఉండింది. రాత్రి అన్నం పెడుతూ మరదలే అడిగింది.

"అన్నా, మీరు పేల్చకపోతిరంట. ఎందుకు?"

"దూరమున్నది చెల్లె. ఎదురుంగ నిలవడ్డది. ఎన్క బాట. గుండు దౌడకు తాకితే అది సావది. మేత నమలరాక ఎన్ని దినాలు తిరుగుతదో తెల్వది. రేపు పత్తి ఏరవోయే ఆడోళ్ళ మీద వడితే ఎట్ల?"

"గా పందికి నొప్పైతదని మీకు ఫికర్. మా కడుపుల నొప్పి?" ఆమె గొంతు పెరగలేదు, గరిటె మాత్రం గిన్నె అంచుకు టంగుమని తగిలింది. "సగం చేను వోయింది. మిగిలింది రైతు సగం, మేము సగం. ఏం దినాలె మేము?"

మా ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. "నువ్వు చెప్పింది తప్పు గాదు. కొట్టనని అంటలేను చెల్లె, కొడ్త. గని పేల్చినంక అది సచ్చేదాంక నా జిమ్మేదారి. నిభాయించలేని పని షురూ చెయ్య."

"బావా, నువ్వు బ్యాంకుల నిలవడనీకే మంచిగున్నవ్" అన్నాడు తమ్ముడు. అందరం ఒక్కసారిగా నవ్వేశాం. మా ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. కానీ నా మనసు సగం మరదలి పక్కనే ఉంది. పడుకునే ముందు నెమ్మదిగా అడిగాను.

"నిజం చెప్పు. తాకదని భయమా?"

"తాకుతదనే భయం. తాకి, సావదని."

మర్నాడు తెల్లారగట్ల పొగమంచు విడిపోతుండగా మళ్ళీ మంచె మీద ఉన్నాం. ఒక మగపంది ఒంటరిగా ఒర్రె దాటి, మేము చూస్తుండగానే చేనులోకి వచ్చింది. దగ్గరగా వచ్చి పక్కకు తిరిగి ఒక కంకిని కింద పడేసి నమలసాగింది. వెనక ఎత్తైన మట్టికట్ట, గుండు తప్పినా అందులోనే ఆగుతుంది. ఆయన కోరుకున్నవన్నీ ఒకచోట కుదిరాయి. తమ్ముడు ఈసారి ఏమీ అడగలేదు. తుపాకి పేలింది.

పేలిన క్షణానే పంది ఒక్క అడుగు ముందుకు వేసింది. గుండు అనుకున్నచోట కాక వెనక తాకింది. అది మోకాళ్ళ మీద పడి, లేచి, ఒర్రెలోని తుంగలోకి దూరిపోయింది. ఊరివైపు నుంచి కేకలు, ఈలలు వినిపించాయి. తమ్ముడు మంచె మీంచి దూకి చేతులు పైకెత్తాడు. "తాకింది! బావ కొట్టిండు!"

మా ఆయన ముఖంలో రక్తం లేదు.

"ఎవలు రావద్దు. ఎవలంటే ఎవలు. బాటకాడ కూసోండ్రి" అన్నాడు. ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఈలలు వేస్తున్నవాళ్ళు అలాగే ఆగిపోయారు. నాతో, "నువ్వు పైనే ఉండు. తుంగ ఎక్కడ కదుల్తదో చెయ్యి వెట్టి సూపియ్యి" అని కిందికి దిగాడు. వెంటనే పోలేదు. మట్టికట్ట మీద కూర్చుని చాలాసేపు ఎదురుచూశాడు. తరిమితే అది ఇంకా దూరం పోతుందనీ, ఊరుకుంటే ఒకచోట పడుకుంటుందనీ తర్వాత చెప్పాడు. అప్పుడైతే ఆయన ఎందుకు కూర్చున్నాడో నాకు తెలియదు.

తుంగ ఒకచోట కదిలింది. చేయి చాచి చూపించాను. గాలికి ఎదురుగా ఒక్కో అడుగూ వేస్తూ లోపలికి పోయాడు. తుంగ ఆయన్ని మూసేసింది. నాకు తెలిసిన దేవుళ్ళనందరినీ పిలిచాను, తెలియని వాళ్ళను కూడా. తర్వాత రెండో పేలుడు, దాని వెనక నిశ్శబ్దం.

బయటికి వచ్చి ఒర్రె గట్టు మీద కూలబడ్డాడు. పరుగున పోయాను.

"అయిపాయెనా?"

"అయింది. దగ్గరికి వోయిన. ఇగ కదల్లే."

ఫ్లాస్కులోని టీ పోసి ఇస్తే కప్పు పట్టుకున్నాడు కానీ తాగలేదు. "అన్ని సూస్తి. గా ఒక్క అడుగే సూడలే" అన్నాడు. "అడుగు దానిది, నీది గాదు" అన్నాను. ఒప్పుకోలేదు కానీ టీ తాగాడు. తమ్ముడు రక్తం మరకల వెంట తుంగ దాకా నడిచి వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"నిన్న గట్టు అవుతల దాన్ని కొడ్తే ఎట్లుండు బావా?"

"ఇప్పటిదాంక దేవులాడుకుంట తిరుగుతుంటిమి."

మధ్యాహ్నం అటవీ గార్డు మోటారు సైకిలు మీద వచ్చి పంచనామా రాసుకున్నాడు. మరాఠీలోనే మాట్లాడే మనిషి. గుంత తవ్వుతుంటే మరదలి వంటింటి నుంచి మసాలా వాసన వచ్చింది. అతను తల ఎత్తి, "వహినీ, కాయ్ శిజ్‌తంయ్?" అని అనుమానంగా అడిగాడు. ఏం ఉడుకుతోందని. మరదలు గిన్నె అక్కడికే తెచ్చి మూత తీసి చూపించింది. నిండా వంకాయలు. అతను కూర్చుని రెండు రొట్టెలు తిన్నాడు. మా ఆయన ఆ పూట ఒక రొట్టె సగంలో ఆపి, సాయంత్రానికి ఆకలవుతోందని నాలుగు అడిగాడు. ఇక ఫరవాలేదనుకున్నాను.

మిగిలిన పందులు కొన్నాళ్ళు అటు రాలేదు. జొన్న అనుకున్నంత కాకపోయినా ఇంటికి వచ్చింది. చేను అంచుల్లో కుసుమ పంట వేయమనీ, ఆ ముళ్ళకు పందులు జంకుతాయనీ గార్డు చెప్పి పోయాడు. మరుసటి ఏడు తమ్ముడు చుట్టూ దట్టంగా వేశాడు. పందులు పూర్తిగా మానలేదు కానీ బాగా తగ్గాయి. ముళ్ళు ముందుగా గుచ్చుకున్నది మరదలి కాళ్ళకే. మా ఆయన్ని పిలవాల్సిన అవసరం రాలేదు. ఆ మాట విని ఆయన ముఖం వెలిగింది.

ఆ చలికాలం ఊచబియ్యం తినడానికి పిలిచారు. పచ్చి జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, వేడివేడిగా వెల్లుల్లి కారంతో తినడం. చేను మధ్యలో మంట చుట్టూ కూర్చున్నాం. తమ్ముడు కాలుస్తున్నాడు, మరదలు నలిపి పెడుతోంది, మా ఆయన తింటున్నాడు. ఆమె చేతులు ఎర్రబడ్డాయి కానీ ఆయన పళ్ళెం నిండడం లేదు. ఇంకో కంకి అందుకోబోతుంటే ఆమె దాన్ని వెనక్కి దాచుకుంది.

"అన్నా, కోపానికి రాకుండ్రి గని, ఇంతకు పందులే నయముండె" అంది.